ఏడో తీగకి సందు

ఆ వానాకాలం ఊళ్ళో ఒక్క తలుపూ సరిగ్గా పడలేదు. తేమకి చెక్క ఉబ్బిపోయి, వేసిన తలుపు తెరుచుకోక, తెరిచిన తలుపు మూసుకోక జనం నానా అవస్థలూ పడ్డారు. ఒకాయన తన స్నానాలగదిలో తానే గంటసేపు ఇరుక్కుపోయి, పై కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మా నాన్న కోసం కేకలు వేశాడు. మా నాన్న వడ్రంగి. వానలు పడితే ఆయనకి తీరుబడి ఉండదు. ఆయన చిత్రిక పట్టిన అంచులకి పాలిష్ పెట్టే పని నాది. ఇద్దరం కలిసి పొద్దుట్నించి సాయంత్రం దాకా పనిచేసేవాళ్ళం, మొత్తం మీద ఓ ఇరవై మాటలు మాట్లాడుకునేవాళ్ళం. అందులో పదిహేను "ఇటు పట్టు", "అటు జరుగు" లాంటివే.

సరిగ్గా ఆ వానాకాలంలోనే నాకు ఏడు తీగల ఎలక్ట్రిక్ గిటారు కావాల్సి వచ్చింది.

మా బృందంలో ముగ్గురం. పక్క వీధిలో ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే అతను డ్రమ్స్ వాయించేవాడు. నా ఈడువాడే. మా ఇంట్లో అందరూ అతన్ని పిడుగు అనేవాళ్ళు, ఎందుకో చెప్పక్కర్లేదు. మందుల షాపు అమ్మాయి బేస్ గిటారు. మేం వాయించేది ప్రోగ్రెసివ్ సంగీతం. ఒక తాళంలో మొదలై ఇంకో తాళంలోకి, అక్కణ్ణించి ఎవరూ అనుకోని మూడో తాళంలోకి పోయే పాటలన్నమాట. అలాంటిదొకటి పద్నాలుగు నిమిషాలది కట్టాం. అది మొదలయ్యేదే నా పాత ఆరు తీగల గిటారుకి అందనంత కింది స్వరంలో. వానలు వెనకపట్టే వారంలో పెద్ద హాల్లో కొత్త బృందాల కచేరీ పెట్టారు. మా పాటకి చోటిచ్చారు.

"ఏడు తీగలది సంపాదించు," అన్నాడు పిడుగు. "లేకపోతే మా పెదనాన్న కొడుకుని పిలవాల్సి వస్తుంది. వాడికి ఎనిమిది ఉన్నాయి."

అతను తమాషాకి అనలేదు. నాకు తెలుస్తూనే ఉంది. నా బాధ గిటారు దొరకడం గురించి కాదు, అది మా గుమ్మం దాటడం గురించి. మా ఇంట్లో ఒక పద్ధతుంది. చెక్కతో చేసిన వస్తువేదైనా సరే, నాన్న చూసి 'ఊఁ' అన్నాకే లోపలికి రావాలి. అమ్మ ఓసారి బజార్లో గరిటె కొనుక్కొస్తే, ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, "ఇది గరిటె కాదు, చెక్కకి జరిగిన అవమానం," అని తిప్పి పంపేశాడు. పీటైనా, దువ్వెనైనా, అద్దం చట్రమైనా ఆ కంటి కింద నుంచి వెళ్ళాల్సిందే.

"పరీక్ష లేకుండా ఈ ఇంట్లోకొచ్చింది నేనొక్కదాన్నే," అనేది అమ్మ. "చెక్కతో చెయ్యలేదు కాబట్టి."

ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ధైర్యం చేశాను.

"నాన్నా, నాకు ఏడు తీగల గిటారు కావాలి."

నాన్న నమలడం ఆపాడు. "ఉన్నదానికేమైంది?"

"దానికి ఆరే."

"ఆరు చాలట్లేదా?"

"ఇంకా కిందికి వెళ్ళాలి."

"ఎక్కడికి?"

"స్వరం నాన్నా. బాగా లోతుగా."

నాన్న అమ్మ వంక చూశాడు.

"నా వంక చూడకు," అంది అమ్మ. "నాకు తీగంటే బట్టలారేసుకునేదే. అదొక్కటీ చాలు నాకు."

ఆ సాయంత్రం అమ్మకి నచ్చజెప్పడానికి పిడుగు వచ్చాడు. వంటగది గడపలో కూర్చుని రెండు చెంచాలతో నేల మీద కొట్టి చూపించాడు. "పిన్నీ, ఏడు లెక్కపెట్టండి. తర్వాత ఐదు. మళ్ళీ ఏడు. ఆ తర్వాత తొమ్మిది."

"మరి పాట ఇంటికెప్పుడొస్తుంది?"

"రాదు పిన్నీ. అదే దాని గొప్ప."

"ఎవరూ అడిగేవాళ్ళు లేని పాటలా ఉంది," అంది అమ్మ. కానీ రెండ్రోజుల తర్వాత ఆవిడ కూరగాయలు తరుగుతుంటే విన్నాను. ఏడు, ఐదు, ఏడు, తొమ్మిది. నేను చూస్తున్నానని తెలియగానే నాలుగులోకి మార్చేసింది.

వాన కాస్త తెరిపిచ్చిన రోజు నాన్నా నేనూ గిటార్ల షాపుకి వెళ్ళాం. నాన్న పనికి వెళ్తున్నట్టే తయారయ్యాడు. సంచిలో ఉక్కు స్కేలు, మూలమట్టం, చెవి వెనక పెన్సిలు. షాపాయన జుట్టు భుజాల దాకా పెంచుకున్న మెత్తని మనిషి. మా సంచి చూసి, పాపం, ఏదో రిపేరుకి వచ్చామనుకున్నాడు.

మొదటిది నల్లగా అద్దంలా మెరుస్తోంది. నాన్న దాన్ని వేలి కణుపుతో తట్టాడు.

"ఇది చెక్కా, అట్టా?"

"చెక్కే సార్."

"మరి ఇంత రంగెందుకు పూశారు? ఏం దాస్తున్నారు?"

షాపాయన నవ్వి రెండోది తీశాడు. దానికి మెడ చివర ఏమీ లేదు, అక్కడితో ఆగిపోయింది. నాన్న అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీని తలేది?"

"వీటికి తల ఉండదు సార్. బరువు తగ్గుతుంది."

"మేం మొత్తంగా ఉన్నది చూద్దామని వచ్చాం బాబూ."

మూడోదాని మెడ మీద అడ్డంగా ఉండే ఇనుప మెట్లు విసనకర్ర పుల్లల్లా ఒక్కోటి ఒక్కో వాలులో ఉన్నాయి. నాన్న మాట్లాడకుండా సంచిలోంచి మూలమట్టం తీసి మొదటి మెట్టుకి ఆనించాడు. చివరి మెట్టుకీ ఆనించాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు.

"ఇవి బిగించినాయన ఇంకా పనిలో ఉన్నాడా?"

"ఉన్నాడు సార్. చాలా పేరున్న మనిషి."

"ఎవరూ చెప్పలేదా ఆయనకి?"

"సార్, అవి కావాలనే అలా పెట్టారు. లావు తీగకి పొడుగెక్కువ కావాలి, సన్న తీగకి తక్కువ చాలు. అందుకని ఏటవాలు."

"కావాలని," అన్నాడు నాన్న. ఇంకోసారి, "కావాలని," అన్నాడు, దగ్గరివాళ్ళ గురించి చెడ్డకబురు విన్నట్టు. షాపాయన తన జుట్టు చివర్లు పట్టుకుని మెలిపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

నేను ఈలోగా మూలకి వెళ్ళిపోయాను. అక్కడొకటి ఉంది. రంగు లేదు, మెరుపు లేదు. బూడిదరంగు చెక్క, చారలు చారలుగా కనిపిస్తోంది. మెట్లు తిన్నగానే ఉన్నాయి. లావు తీగ వదులైపోకుండా మెడ మామూలుకంటే కొంచెం పొడుగు పెట్టారు. నాది చిన్న చెయ్యి. అయినా నా చిటికెనవేలు మెడ అవతలి అంచుదాకా అందింది. వైరు తగిలించి, స్టూలు మీద కూర్చుని ఏడో తీగ మీటాను. శబ్దం ముందు చెవికి రాలేదు, మోకాళ్ళకి వచ్చింది. తర్వాత స్టూలుకి. ఆ తర్వాత గోడకి వేలాడుతున్న మిగతా గిటార్లన్నీ సన్నగా ఊఁ కొట్టాయి. నాలుగు స్వరాలు గబగబా వాయించి చూశాను. ఒకదాని మీద ఒకటి పడి బురదవలేదు. దేనికదే పలికింది.

నాన్న వచ్చి చెక్క మీద అరచెయ్యి పెట్టాడు. ఆయన ముఖం మారింది. "బాగా ఆరిన చెక్క. ఐదారేళ్ళు ఆరబెట్టి ఉంటారు. తొందర లేని మనిషెవడో చేశాడు," అన్నాడు. గిటారెత్తి, ఒక కన్ను మూసి, మెడ వెంట తలుపు అంచుని చూసినట్టు చూశాడు.

"వంగింది."

"ఎక్కడ సార్?" అన్నాడు షాపాయన.

"మధ్యలో. వెంట్రుకంత."

"అంత ఉండాలి సార్, అది..."

"బాబూ, నలభై ఏళ్ళుగా నేను చెక్కతో కాపురం చేస్తున్నాను."

షాపాయన నోరు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. నిజానికి ఆయన చెప్పబోయింది నాకు తెలుసు. మెడ మధ్యలో ఆ వెంట్రుకంత వంపు ఉంటేనే తీగ స్వేచ్ఛగా ఊగుతుంది. కానీ మా నాన్నకి చెక్క గురించి ఒకరు చెప్పడం నేను పుట్టాక చూడలేదు. అలా చెప్పే మొదటి మనిషినయ్యే ధైర్యం నాకు లేకపోయింది.

నాన్న నా చెయ్యి చూశాడు. అది ఇంకా గిటారు మీదే ఉంది.

"ఇదేనా?"

"ఇదే."

"సరే. ఇంటికెళ్ళాక నేను చూసుకుంటాను."

చూసుకోవడమంటే దానికో స్టాండు చేస్తాడనుకున్నాను. స్టాండూ చేశాడు. మా ఇంట్లో ఏ కుర్చీకీ పట్టని పాలిష్ దానికి పట్టింది. మూడో రోజు నేను ఎవరింట్లోనో తలుపులకి పాలిష్ పెట్టి వచ్చేసరికి, నాన్న గిటారు ఒళ్ళో పెట్టుకుని, తప్పిపోయిన పిల్లని తీసుకొచ్చి అప్పజెప్పేవాడిలా కూర్చుని ఉన్నాడు.

"రా, చూడు. తల దగ్గర చిన్న మూతుంది, తీస్తే లోపల మర. మెడ లోపల పొడుగునా ఇనుప కడ్డీ వేశారు. భలే ఆలోచన! బిగిస్తే మెడ నిటారుగా నిలబడుతుంది. వదిలితే తీగలు లాగేసి వంగుతుంది. ఆ షాపాయన బిగించకుండా అమ్మేశాడు, బద్ధకం మనిషి." ఉక్కు స్కేలు మెడ మీద ఆనించి పట్టుకున్నాడు. "వెలుతురు దూరుతోందా?"

దూరట్లేదు. అంత తిన్నని వస్తువు మా ఊళ్ళో ఇంకోటి ఉండి ఉండదు.

వైరు తగిలించి ఏడో తీగ మీటాను. రేకు డబ్బాలో కందిరీగని వేసి ఊపినట్టు మోగింది. ఊగడానికి చోటు లేక తీగ మెట్లకి కొట్టుకుంటోంది.

"ఎలా ఉంది?" అన్నాడు నాన్న. చెవి వెనక పెన్సిలు కూడా ఆత్రంగా ఉన్నట్టనిపించింది నాకు.

"బాగుంది నాన్నా."

"ఆ జుయ్యిమనేదేమిటి?"

"అది... ప్రోగ్రెసివ్ నాన్నా."

"ఊఁ," అన్నాడు నాన్న గౌరవంగా.

మర్నాడు పొద్దున్నే ఆయన పనికి బయల్దేరగానే, ఆయన స్టాండు దగ్గర వదిలేసిన, మర తిప్పే తాళంచెవి తీసి, మరని పావు చుట్టు వదులు చేశాను. గిటారు మళ్ళీ పలికింది. హాయిగా వాయించుకుని పనికి వెళ్ళాను. సాయంత్రం కాళ్ళు కడుక్కుని రాగానే నాన్న గిటారెత్తి కన్ను మూసి చూశాడు.

"మళ్ళీ వంగింది! వాన." పావు చుట్టు బిగించాడు.

అలా మొదలైంది. పొద్దున నేను వదులు చెయ్యడం, సాయంత్రం ఆయన బిగించడం. నాన్న నా గది కిటికీ సందులకి బద్దలు కొట్టాడు. గిటారుని బయటి గోడ దగ్గర్నించి లోపలి గోడ దగ్గరికి మార్చాడు. దానికి ప్లాస్టిక్ తొడుగు కుట్టించాడు. స్టాండు వెనక గోడ మీద తేదీలు వేసి, ఏ రోజు ఎంత వంగిందో పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాడు. నేను ఎంత వదులు చేస్తే అంత, కచ్చితంగా, అక్కడ పడుతుండేది. నా దొంగతనానికి అంత చక్కటి లెక్క ఎవరూ రాసి ఉండరు.

రెండు వారాలు నాకిది నవ్వులాటగానే ఉంది. తర్వాత ఓ రోజు ఒక ఇంట్లో తలుపు బిగిస్తూ నాన్న అంచుని మూడుసార్లు కొలిచాడు. ఎప్పుడూ ఒక్కసారే కొలిచే మనిషి. తనలో తనే, "ఐదారేళ్ళు ఆరిందనుకున్నాను. అరచెయ్యి పెట్టి మరీ చెప్పాను. పొరపాటు పడ్డాను," అన్నాడు. తలుపు గురించి కాదని నాకు తెలుసు. పాలిష్ గుడ్డ నా చేతిలో ఆగిపోయింది.

ఆ వారమే పిడుగు మర మూత తీసి చూసి, కాస్త భయపడ్డాడు. "దీని లోపలి అంచులు అరిగిపోతున్నాయి. ఇంకో వారం ఇలాగే తిప్పితే అటూ తిరగదు, ఇటూ తిరగదు. అక్కడే ఆగిపోతుంది. అది సాయంత్రం పూట ఆగిందనుకో, నీ కచేరీ కందిరీగలతోనే. మీ నాన్నకి చెప్పెయ్యి."

"నువ్వు చెప్పు."

"నేనా? నాకింకా పెళ్ళి కూడా కాలేదు."

వంటగదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఒకరు పొద్దున వదులు చేస్తారు, ఒకరు సాయంత్రం బిగిస్తారు. మధ్యలో దాని మెడ నొప్పెడుతోందేమో ఎవరైనా అడిగారా?"

"నీకు తెలుసా అమ్మా?"

"మొదట్నించీ."

"మరి చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు? అయినా మీ తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకే వస్తువు చుట్టూ తిరగడం ఇదే మొదలు. చూడ్డానికి బాగుంటే ఊరుకున్నాను."

కచేరీ తొమ్మిది రోజులుందనగా ఓ మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. ఎవరో పని వాయిదా వేసుకున్నట్టున్నారు, నాన్న పెందరాళే వచ్చేశాడు. ఆ రోజు పాలిష్ పని లేక ఇంట్లోనే ఉన్న నేను మంచం మీద గిటారు పెట్టుకుని తాళంచెవి మరలో పెట్టి ఉన్నాను. తలుపు తెరిచే ఉంది. నాన్న తడిసిన సంచి కింద పెట్టాడు.

"ఎటు తిప్పుతున్నావు?"

"వదులు వైపు."

ఆయన గోడ మీది తేదీల వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"అన్నీ నువ్వేనా?"

"అన్నీ."

"వాన కాదన్నమాట."

"కాదు నాన్నా. చెక్క మంచిదే. నువ్వు చెప్పినట్టే బాగా ఆరింది. కొంచెం కూడా కదల్లేదు."

నాన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. చెక్క సంగతి విని ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"వంకరగానే ఉండాలా అది?"

నేను అంతవరకు ఆయనతో ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. "కొంచెం. ఇదిగో ఇంత. తీగ మోగేటప్పుడు చివర్ల దగ్గర ఊగదు, మధ్యలో వెడల్పుగా ఊగుతుంది. లావు తీగైతే ఇంకా ఎక్కువ. మెడ నిటారుగా ఉంటే దానికి చోటుండదు, మెట్లకి తగులుతుంది. జుయ్యిమనేది అందుకే. అది ప్రోగ్రెసివ్ కాదు నాన్నా. నేను అబద్ధం చెప్పాను."

నాన్న వంగి, ముఖం తీగకి దగ్గరగా పెట్టి, వేలితో ఏడో తీగ మీటాడు. అది మధ్యలో మసకగా వెడల్పై, సన్నబడి, ఆగింది. ఇంకోసారి మీటాడు. బయట వాన, లోపల ఆ తీగ. నాలుగోసారి మీటాక తల ఊపాడు.

"తలుపుకి సందు వదిలినట్టు."

"అవును."

"సందు లేని తలుపు చేసేవాణ్ణి నేనైతే వేలు విరగ్గొట్టుకోమంటాను." తీగ మీంచి చెయ్యి తీశాడు. "ముందే చెప్పొచ్చుగా."

"చెప్పాల్సింది."

"నేను వినేవాణ్ణి కాదులే," అన్నాడు ఆయనే. లేచి, తను పనిచేసుకునే చావడిలోకి వెళ్ళి, చిత్రిక కింది పొట్టులో వెతికి, ఉల్లిపొరలా పల్చగా ఉన్న చెక్క పొర ఒకటి తెచ్చాడు. వెలుతురుకి పెట్టి చూసి, అది పారేసి, ఇంకోటి తెచ్చాడు. "ఇంత సందు చాలా?"

"ఇంకొంచెం."

మూడో పొర సరిపోయింది. మెడ మీద స్కేలు ఆనించి, మధ్యలో ఆ పొర బిగువుగా దూరేదాకా మరని తనే వదులు చేశాడు. చెయ్యి మాత్రం రెండుసార్లు ఆగింది. తెలిసి తెలిసి ఒక చెక్కని వంచడం ఆయనకదే మొదటిసారి. నేనెప్పుడూ అంత బాగా సరిచెయ్యలేదు. తర్వాత పిడుగు అరిగిన మర బదులు కొత్తది తెచ్చి వేశాడు, నాన్న ఆ పొరతోనే మళ్ళీ సరిచూశాడు.

కచేరీకి అమ్మా నాన్నా ముందే వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. ఏడో తీగతో మా పాట మొదలైంది. కింద ఎవరివో కుర్చీలు సన్నగా అదిరాయని తర్వాత చెప్పారు. పద్నాలుగు నిమిషాలూ నేను తలెత్తలేదు. దిగి వచ్చాక నాన్న, "స్టేజీ రెండో పలక లేచి ఉంది, ఎవరైనా పడతారు," అన్నాడు. కాస్త దూరం నడిచాక, "ఆ లావు తీగ శుభ్రంగా పలికింది," అన్నాడు.

అమ్మ పిడుగుని పక్కకి పిలిచింది. "తొమ్మిదో నిమిషం దగ్గర ఒక దెబ్బ ఎగ్గొట్టావు."

"పిన్నీ!" అన్నాడు పిడుగు, తెల్లబోయి. నిజంగానే ఎగ్గొట్టాడు. మాకు ముగ్గురికీ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాం.

ఆ మర్నాడు చావడిలో కొత్త తలుపు రెక్క బల్ల మీద పడుకోబెట్టి ఉంది. నేను పాలిష్ డబ్బా మూత తీస్తున్నాను. నాన్న అంచు మీద స్కేలు పెట్టి, పెన్సిలు గాల్లోనే ఆపి, నా వైపు తిరక్కుండా అడిగాడు.

"ఎంత సందు వదలమంటావు?"

పదేళ్ళుగా ఆయన గీసిన గీతకి పాలిష్ పెట్టానే తప్ప, గీత ఎక్కడ గియ్యాలో ఆయన నన్నెప్పుడూ అడగలేదు. లేచి వెళ్ళి చూశాను.

"అట్ట మందం."

"ఎక్కువ."

"వానలింకా పూర్తిగా పోలేదు నాన్నా. వీధి వైపు తలుపు. జల్లు కొడుతుంది."

"నువ్వు గిటారు చూసి చెప్తున్నావు. ఇది తలుపు."

"నువ్వు ఎండాకాలం చూసి చెప్తున్నావు."

నాన్న పెన్సిలు కింద పెట్టాడు. నేను డబ్బా మూత పెట్టేశాను. ఆయన వేసవిలో బిగించిన తలుపుల గురించి చెప్పాడు, నేను ఈ వానల్లో ఇరుక్కుపోయిన స్నానాలగది ఆయన గురించి చెప్పాను. అమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచింది. మూడోసారి తనే వచ్చి, గుమ్మంలో నిలబడి కాసేపు విని, "మీరు కానివ్వండి, నేను తినేస్తాను," అని లోపలికి వెళ్ళిపోయింది.